‘చిటికెలో పని’కి పట్టిన కాలం

2023 అక్టోబర్ 3న భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి ప్రకటించగానే దాదాపు ప్రతి వార్తలోనూ ఒక మాట కనిపించింది. ఆన్ లుయిలియే ఈ బహుమతి అందుకున్న అయిదో మహిళ అని. ఆమెతో పాటు బహుమతి పంచుకున్న పియర్ అగోస్తినీ, ఫెరెన్స్ క్రౌస్ ఎన్నో పురుషులో ఎవరూ రాయలేదు. రాయాలన్నా ఆ అంకె నోరు తిరగదు. 1901 నుంచి 2023 దాకా ఈ బహుమతి పొందినవాళ్లు 224 మంది. వాళ్లలో స్త్రీలు అయిదుగురే. 1903లో మేరీ క్యూరీ, 1963లో మరియా గోపర్ట్ మేయర్, 2018లో డోనా స్ట్రిక్‌లాండ్, 2020లో ఆండ్రియా గెజ్, 2023లో లుయిలియే. మొదటి ఇద్దరికీ మధ్య 60 ఏళ్లు. రెండో ఆమెకూ మూడో ఆమెకూ మధ్య 55 ఏళ్లు.

‘మొదటి మహిళ’, ‘అయిదో మహిళ’ అనే ఈ వరస లెక్కతో స్త్రీల చరిత్ర రాసేవాళ్లకి పాత పేచీయే ఉంది. ఆ లెక్క ప్రతి స్త్రీనీ ఒంటరి అద్భుతంగా నిలబెడుతుంది. ఎక్కడి నుంచో ఊడిపడినట్టు, ముందూ వెనకా ఎవరూ లేనట్టు. కానీ ఈ అయిదుగురిలో ముగ్గురి పని ఒకే దారం మీద ఉంది. గోపర్ట్ మేయర్ 1930లో లెక్కగట్టిన విషయం, స్ట్రిక్‌లాండ్ 1985లో కనిపెట్టిన పద్ధతి, లుయిలియే 1987లో చూసిన వెలుతురు ఒకదానితో ఒకటి ముడిపడ్డవి. డిగ్రీ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పినదాన్ని కాబట్టి ఆ దారాన్ని పట్టుకుని వెనక్కి నడవాలనిపించింది. నడుస్తుంటే భౌతికశాస్త్రం కన్నా ఎక్కువగా జీతాల సంగతి, ఉద్యోగ నియమాల సంగతి తగులుతూ వచ్చాయి.

ఇంటర్మీడియట్ చదివిన ప్రతివాళ్లూ కాంతి విద్యుత్ ఫలితం గురించి చదివే ఉంటారు. లోహం మీద కాంతి పడితే ఎలక్ట్రాన్లు బయటకొస్తాయి. కానీ ఆ కాంతి పౌనఃపున్యం ఒక గడప దాటాలి. గడప దాటని ఎర్రటి కాంతిని ఎంత గుమ్మరించినా ఒక్క ఎలక్ట్రానూ కదలదు. ఒక ఫోటాన్, ఒక ఎలక్ట్రాన్. 1905లో ఐన్‌స్టీన్ ఇచ్చిన ఈ వివరణను నేను ఏటా బ్లాక్‌బోర్డు మీద రాసేదాన్ని. ఈ నియమానికి ఒక మినహాయింపు ఉందనీ, దాన్ని 24 ఏళ్ల అమ్మాయి తన పీహెచ్‌డీలో లెక్కగట్టిందనీ మేం చెప్పిన పాఠ్యపుస్తకాల్లో లేదు.

మరియా గోపర్ట్ 1906లో, అప్పట్లో జర్మనీలో ఉన్న కాటోవిట్జ్‌లో పుట్టింది. తండ్రి పిల్లల వైద్యం బోధించే ప్రొఫెసర్. గెట్టింగెన్‌లో మాక్స్ బోర్న్ దగ్గర పరిశోధన చేసి 1930లో పీహెచ్‌డీ పూర్తిచేసింది. ఒక పరమాణువు రెండు ఫోటాన్లను ఒకేసారి మింగగలదని ఆ సిద్ధాంతం చెబుతుంది. ఒక్క ఫోటాన్‌కు చాలని శక్తి రెండూ కలిస్తే చాలుతుంది. అయితే రెండు ఫోటాన్లు ఒకే క్షణాన ఒకే పరమాణువు దగ్గర చేరడం చాలా అరుదు. అంత దట్టమైన కాంతి అప్పట్లో ఎవరి దగ్గరా లేదు. అందుకని ఆ లెక్క కాగితం మీదే ఉండిపోయింది.

అదే ఏడాది ఆమె అమెరికన్ రసాయన శాస్త్రవేత్త జోసెఫ్ మేయర్‌ను పెళ్లి చేసుకుని బాల్టిమోర్ వెళ్లింది. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఆయన ప్రొఫెసర్. భర్త పనిచేసే చోట భార్యకు ఉద్యోగం ఇస్తే బంధుప్రీతి అవుతుందనే నియమం అప్పట్లో అమెరికన్ విశ్వవిద్యాలయాల్లో మామూలు. ఆమెకు దొరికింది చిన్న సహాయకురాలి పని. అక్కణ్నుంచి కొలంబియాకు వెళ్తే ఒక గది ఇచ్చారు గానీ జీతం ఇవ్వలేదు. 1941లో సారా లారెన్స్ కాలేజీలో పార్ట్‌టైమ్ పాఠాలు చెప్పే పని దొరికింది. 1946లో షికాగో వెళ్లాక విశ్వవిద్యాలయంలో ‘వాలంటరీ’ హోదా, పక్కనే ఆర్గాన్ ప్రయోగశాలలో సగం రోజు ఉద్యోగం. పరమాణు కేంద్రకంలో కణాలు పొరలు పొరలుగా ఎలా సర్దుకుంటాయో ఆమె వివరించింది ఆ రోజుల్లోనే. నోబెల్ వచ్చింది ఆ పనికే. పూర్తి జీతంతో ప్రొఫెసర్ ఉద్యోగం మాత్రం 1960లో శాన్ డియేగోలో దొరికింది. 1963లో బహుమతి వచ్చినప్పుడు ఆ ఊరి పత్రిక శీర్షికలో ఆమెను శాస్త్రవేత్త అనలేదు, తల్లి అంది.

ఆ 1960 దగ్గర కాస్త ఆగాలి. మొదటి లేజర్ వెలిగిందీ ఆ ఏడాదే. ఆ మరుసటి ఏడాదే బెల్ ప్రయోగశాలల్లో కైజర్, గారెట్ లేజర్ సాయంతో రెండు ఫోటాన్ల శోషణను చూపించారు. మరియా సిద్ధాంతం రుజువుకి ముప్పై ఏళ్లు పట్టింది. మరియాకి తగిన ఉద్యోగానికీ ముప్పై ఏళ్లే పట్టింది. రెండూ ఒకే ముప్పై ఏళ్లు. సిద్ధాంతం ఆగింది సాధనం లేక. మనిషి ఆగింది ఏ సాధనం లేక? రెండు ఫోటాన్ల శోషణను కొలిచే ప్రమాణాన్ని ఇవాళ ఆమె పేరుతో ‘జీఎమ్’ అంటున్నారు. జీతం ఇవ్వడానికి అడ్డొచ్చిన పేరు ప్రమాణంగా పెట్టుకోవడానికి అడ్డు రాలేదు.

లేజర్లు వచ్చాక రెండు ఫోటాన్లు కాదు, ఏడు, పది మింగే పరమాణువులూ కనబడ్డాయి. 1979లో పారిస్ దగ్గర సాక్లేలోని ఫ్రెంచ్ అణుశక్తి కేంద్రంలో అగోస్తినీ బృందం ఇంకో వింత చూసింది. బయటికి రావడానికి ఎన్ని ఫోటాన్లు కావాలో అన్నీ తీసుకున్న తర్వాత కూడా ఎలక్ట్రాన్లు అదనంగా ఇంకొన్నిటిని తీసుకుంటున్నాయి. పరమాణువు దగ్గర కాంతి పెత్తనం ఎంతదాకా వెళ్తుందో చూడాలంటే ఇంకా బలమైన లేజర్ కావాలి. అంత బలాన్ని తట్టుకోలేక లేజర్ లోపలి పరికరాలే కాలిపోయేవి.

ఆ చిక్కును విడదీసింది కెనడా నుంచి రోచెస్టర్‌కు పీహెచ్‌డీకి వచ్చిన డోనా స్ట్రిక్‌లాండ్. గురువు జెరార్డ్ మూరూతో కలిసి 1985లో ఆమె రాసిన మొట్టమొదటి పరిశోధన పత్రం అది. పొట్టి కాంతి స్పందనను ముందు సాగదీయాలి. సాగితే పలచబడుతుంది, పరికరం కాలదు. అప్పుడు దాన్ని పెంచి, చివర మళ్లీ కుదించాలి. వినడానికి ఎంతో తేలికగా ఉండే ఈ ఉపాయంతో ప్రయోగశాలల్లో కాంతి బలం ఎన్నో రెట్లు పెరిగింది. 2018లో నోబెల్ వచ్చేనాటికి ఆమె వాటర్లూ విశ్వవిద్యాలయంలో అసోసియేట్ ప్రొఫెసరే. ఆ ఏడాది మే నెలలో ఆమె గురించి ఎవరో వికీపీడియాకు పంపిన వ్యాసాన్ని తగినంత ప్రసిద్ధి లేదని తిప్పి పంపారు. భౌతికశాస్త్రంలో మీరు మూడో మహిళ అని విలేఖరులు చెబితే, ఇంతకన్నా ఎక్కువమంది ఉంటారనుకున్నానని ఆమె ఆశ్చర్యపోయింది. ఆమె తన నోబెల్ ఉపన్యాసంలో గోపర్ట్ మేయర్ సిద్ధాంతాన్ని ప్రస్తావించింది. శాస్త్రంలో వంశవృక్షం ఉంటే అది ఇలా ప్రస్తావనల్లోనే ఉంటుంది.

ఇక లుయిలియే. 1958లో పారిస్‌లో పుట్టి, మొదట గణితం వైపు వెళ్లి, తర్వాత భౌతికశాస్త్రంలోకి వచ్చింది. సాక్లేలోనే పరిశోధన చేసింది. పరమాణువు అనేక ఫోటాన్లను మింగి ఒకటికి మించి ఎలక్ట్రాన్లను వదలడం ఆమె విషయం. అంటే మరియా 1930లో తెరిచిన గదిలోకే అడుగుపెట్టింది. 1986లో పీహెచ్‌డీ రాగానే అదే సంస్థలో శాశ్వత ఉద్యోగం వచ్చింది.

1987లో ఆమె, ఆమె సహచరులు ఆర్గాన్ వాయువు గుండా పరారుణ లేజర్‌ను పంపారు. వీణ తీగ మీటితే అసలు స్వరంతో పాటు దాని రెట్టింపు, మూడింతలు, నాలుగింతల పౌనఃపున్యంలో అనుస్వరాలు కూడా పలుకుతాయి కదా. కాంతికీ అలాంటి అనుస్వరాలు వచ్చాయి. ఇక్కడ బేసి సంఖ్యలే, 3, 5, 7 ఇలా. రెట్లు పెరిగేకొద్దీ బలం తగ్గిపోవాలని అందరి అంచనా. మొదట తగ్గింది. తర్వాత తగ్గడం ఆగిపోయింది. వరసగా ఎన్నో అనుస్వరాలు ఇంచుమించు ఒకే బలంతో, పీఠభూమిలా సాగి, 33వ దాని దాకా కనిపించాయి. అంతకు కొద్దిగా ముందు షికాగోలో అతినీలలోహిత లేజర్‌తో 17వ దాని దాకా చూసినవాళ్లున్నారు. సాక్లే ఫలితంలో కొత్తది ఆ పీఠభూమి. అలా ఎందుకుందో ఆ రోజుల్లో తేలలేదు. ఆ తర్వాత ఆమె చేసిన పనంతా చాలావరకు ఆ పీఠభూమి మీదే.

వివరణ 1993లో వచ్చింది. పాల్ కోర్కమ్, వేరుగా కెనెత్ కులాండర్ బృందం ఒకే చిత్రాన్ని ఇచ్చారు. లేజర్ బలం పరమాణువు గోడను వంచేస్తుంది. ఎలక్ట్రాన్ బయటికి జారి దూరంగా కొట్టుకుపోతుంది. కాంతి తరంగం దిశ మారగానే వెనక్కి వచ్చి పరమాణువులో కలుస్తుంది. పోయినచోట సంపాదించిన శక్తినంతా ఒక్క మెరుపుగా వదిలేస్తుంది. ఆ మరుసటి ఏడు లెవెన్‌స్టీన్, లుయిలియే, కోర్కమ్ మరికొందరు కలిసి దీనికి పూర్తి క్వాంటం సిద్ధాంతం రాశారు. ఇక్కడ ఒక ఆశ పుట్టింది. వేర్వేరు నడకల్లో సాగే వాద్యాలన్నీ సమం దగ్గర కలిసినట్టు ఆ అనుస్వరాలన్నీ ఒక బిందువు దగ్గర కలిస్తే, ఆ మెరుపు నిడివి అట్టోసెకండ్లలో ఉంటుంది.

అట్టోసెకండ్ అంటే ఎంత? డేనిష్, నార్వేజియన్ భాషల్లో పద్దెనిమిదికి ‘అట్టెన్’ అంటారు. అందులోంచి వచ్చిన మాట. సెకండును పది లక్షల ముక్కలు చేసి, ఒక ముక్కను మళ్లీ పది లక్షలు చేసి, అందులో ఒకదాన్ని ఇంకోసారి పది లక్షలు చేస్తే వచ్చేది. ఒక సెకండులోని అట్టోసెకండ్లను సెకండుకొకటి చొప్పున లెక్కపెడితే 3,170 కోట్ల ఏళ్లు పడుతుంది. విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్లే. సెకండుకు మూడు లక్షల కిలోమీటర్లు పోయే కాంతి, ఒక అట్టోసెకండులో రెండు మూడు పరమాణువుల వెడల్పు దాటుతుంది. బోర్ నమూనా ప్రకారం హైడ్రోజన్‌లో ఎలక్ట్రాన్ ఒక చుట్టు తిరగడానికి సుమారు 150 అట్టోసెకండ్లు. దాన్ని చూడాలంటే అంతకన్నా పొట్టి మెరుపు కావాలి. అణువుల కదలికలను దానికి వెయ్యి రెట్లు పెద్దదైన ఫెమ్టోసెకండ్లలో చూసినందుకు అహ్మద్ జువైల్‌కు 1999లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. మామూలు లేజర్ కాంతికి ఒక్క అల పూర్తవడానికే రెండు మూడు ఫెమ్టోసెకండ్లు కావాలి. ఆ గోడను దాటించింది సాక్లే అనుస్వరాలే.

ఆ మెరుపులు నిజంగా అంత పొట్టివా అని కొలిచి చూపడానికి 2001 దాకా పట్టింది. అగోస్తినీ బృందం ఒక్కొక్కటి 250 అట్టోసెకండ్ల నిడివిగల మెరుపుల వరసను కొలిచింది. వియన్నాలో క్రౌస్ బృందం 650 అట్టోసెకండ్ల ఒంటరి మెరుపును విడదీసింది. 2003లో లుండ్‌లో లుయిలియే బృందం 170 దాకా దించింది.

ఇక ఈ మెరుపులతో ఏం చూశారు? ఐన్‌స్టీన్ కాంతి విద్యుత్ ఫలితాన్నే. ఫోటాన్ తగలగానే ఎలక్ట్రాన్ బయటికి వస్తుంది, ఆలస్యం లేదు, తక్షణం అని మేం చెప్పేవాళ్లం. 2010లో క్రౌస్ బృందం నియాన్ పరమాణువు మీద కొలిస్తే, రెండు వేర్వేరు స్థాయుల నుంచి వచ్చే ఎలక్ట్రాన్లలో ఒకటి రెండోదానికన్నా 21 అట్టోసెకండ్లు వెనకబడింది. సిద్ధాంతం అంత ఆలస్యాన్ని ఒప్పుకోలేదు. ఏడేళ్ల పాటు ఎవరి లెక్క తప్పో తేలలేదు. 2017లో లుయిలియే బృందం ఇంకా సూక్ష్మంగా విడదీసి చూసింది. ఒక ఎలక్ట్రాన్ బయటికి పోతుంటే లోపల ఇంకో ఎలక్ట్రాన్ పై మెట్టుకు ఎగిరే వేరే ప్రక్రియ ఒకటి ఆ పాత కొలతలో కలిసిపోయిందని చూపింది. దాన్ని పక్కకు తీస్తే సిద్ధాంతమూ కొలతా కలిశాయి.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆపింది ఈ ఘట్టమే. తక్షణం అంటే సమయం పట్టదని కాదు, ఎవరూ కొలవలేదని. మన ఇళ్లల్లో ఈ తర్కం మనకు బాగా తెలుసు. నలుగురికి కాఫీ ఎంతసేపు, చిటికెలో పని. పిల్లవాడికి స్నానం, అత్తగారికి మందులు, అన్నీ చిటికెలో పనులే. కొలవని శ్రమ సున్నా కిందే జమ. ‘వాలంటరీ’ ప్రొఫెసర్ చేసిన పనీ విశ్వవిద్యాలయం జమాఖర్చుల్లో అలాగే సున్నా. 1986లో స్త్రీ శక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినప్పుడు, తెలంగాణ సాయుధ పోరాటంలో స్త్రీలు చేసినదాన్ని ‘సాయం’ అనే మాటలోంచి బయటికి తీసి పోరాటంగా చూడటం మనం నేర్చుకున్నాం. విజ్ఞానశాస్త్ర చరిత్రకూ ఆ చూపు కావాలి.

అయితే ఈ పోలికను మరీ దూరం లాగితే అబద్ధమవుతుంది. ఈ దారం పేనింది ముగ్గురు ఆడవాళ్లే కాదు. 1987 ప్రయోగపు పత్రం మీద ఆరుగురి పేర్లున్నాయి. 2022లో వుల్ఫ్ బహుమతిని లుయిలియే, క్రౌస్‌లతో పంచుకున్న కోర్కమ్, ముగ్గురికి మించని నోబెల్ జాబితాలో లేడు. బహుమతి లెక్క మగవాళ్ల సామూహిక శ్రమనూ దాస్తుంది. పైగా లుయిలియేది వెలివేతల కథ కాదు. దాన్ని బలవంతాన కన్నీటి కథ చేయడం ఆమెకు న్యాయం కాదు.

ఆమె కథలో మనకు పనికొచ్చేది వేరే ఉంది. 1994లో ఆమె ఫ్రాన్స్‌లోని శాశ్వత ఉద్యోగం వదిలి స్వీడన్ వెళ్లింది. 1995లో లుండ్‌లో లెక్చరర్ అయింది, 1997లో ప్రొఫెసర్ అయింది. భర్త కూడా అదే విశ్వవిద్యాలయంలో, అదే పరమాణు భౌతికశాస్త్ర విభాగంలో శాస్త్రవేత్త. ఇద్దరు కొడుకులు. ఇదే పరిస్థితి బాల్టిమోర్‌లో, షికాగోలో మరియాకు జీతం లేకుండా చేసింది. ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు, ఇద్దరూ దేశం మారారు, ఇద్దరికీ పిల్లలున్నారు. ఒకామెకు పూర్తి జీతపు ప్రొఫెసర్ ఉద్యోగం యాభై దాటాక వచ్చింది, ఇంకొకామెకు నలభై లోపే వచ్చింది. మధ్యలో మారింది ప్రతిభ కాదు. ఉద్యోగంలో ఎవరిని తీసుకోవచ్చో చెప్పే ఒక నియమం మారింది.

నియమాలు చిన్నవిగానే కనిపిస్తాయి. నేను ఎమ్మెస్సీ చదివిన చోట సాయంత్రం 6 కల్లా ఆడపిల్లలం లాబ్ వదిలి హాస్టల్ చేరాలి. వాక్యూమ్ పంపు పెట్టాక రెండు గంటలు ఆగితే గానీ రీడింగ్ తీయడానికి వీలుండదు. పంపు మేం పెట్టేవాళ్లం. మగపిల్లలు రాత్రి భోంచేసి వచ్చి రీడింగులు తీసేవాళ్లు. మర్నాడు వాళ్ల పుస్తకాల్లోంచి మా రికార్డుల్లోకి ఎక్కించుకునేవాళ్లం. ఆడపిల్లలకు ప్రయోగం మీద ఆసక్తి తక్కువ, థియరీకే మొగ్గుతారు అని అదే లాబ్‌లో అనగా విన్నాను.

2023 అక్టోబర్‌లో ఆ ఫోన్ వచ్చినప్పుడు లుయిలియే క్లాసులో పాఠం చెబుతోంది. విరామంలో ఫోన్ చూసుకుని విషయం తెలుసుకుని, మళ్లీ వెళ్లి మిగిలిన పాఠం చెప్పింది. ఆ చివరి అరగంట కొంచెం కష్టమైందని తర్వాత నవ్వుతూ చెప్పింది. ఈ వార్త చదివి అంతా ఆమె నిరాడంబరత్వాన్ని మెచ్చుకున్నారు. నాకు కనిపించింది వేరు. ఆమెకు చెప్పడానికి ఒక క్లాసుంది. ఆ క్లాసు ఆమె ఉద్యోగం. దానికి జీతముంది.

మన రెండు రాష్ట్రాల్లోనూ గెస్ట్ లెక్చరర్లుగా, పార్ట్‌టైమ్ అధ్యాపకులుగా గంటల లెక్కన భౌతికశాస్త్రం చెప్పే ఆడవాళ్లు ఎంతోమంది. వాళ్లు క్లాసులో నిలబడ్డ గంటకే డబ్బు, పాఠం తయారుచేసుకున్న గంటకు లేదు. మన విశ్వవిద్యాలయాల స్త్రీ శాస్త్రవేత్తల చరిత్ర ఎవరైనా రాస్తే ‘మొదటి మహిళ’ల జాబితా దగ్గర మొదలుపెట్టొద్దని నా మనవి. జీతాల రిజిస్టర్ల దగ్గర మొదలుపెట్టండి. ఎవరి పేరు ఎదురుగా ఎంత అంకె ఉందో, ఎవరి పేరు ఎదురుగా ఖాళీ ఉందో, ఆ ఖాళీ ఎన్నేళ్లు సాగిందో ముందు అది కొలవండి.